కంప్యూటరుకు చిరునామా ఎట్లు లభించును?

పూర్వము గ్రామ పంచాయతీ దస్త్రములన్నియు కార్యాలయపు బీరువాలో నుండెడివి. తాళపుచెవి చేతనున్నచో పని సాగెడిది. నేడు జనన మరణముల నమోదు, పన్నుల లెక్కలు, గ్రామ ప్రణాళిక, జమాఖర్చులు మొదలగు వానిలో పెక్కు కంప్యూటరు ద్వారా దూరముననున్న యంత్రములలో నమోదగుచున్నవి. 2020 ఏప్రిల్ 24న ప్రారంభింపబడిన ఇ-గ్రామస్వరాజ్ అట్టి వానిలో నొకటి. కార్యాలయమందలి కంప్యూటరు చక్కగా పనిచేయుచున్నను, వెలుపలి నెట్‌వర్కుతో దానికి సంబంధము తెగినచో బీరువా తాళపుచెవి పోయినట్లే యగును.

ఈ సంబంధము తెగు సందర్భములలో ముఖ్యమైన దొకటి కలదు. అది కంప్యూటరులో ఆపరేటింగ్ సిస్టంను క్రొత్తగా ఎక్కించు సమయము. ఆపరేటింగ్ సిస్టం అనగా యంత్రమును నడపు మూల కార్యక్రమము. యంత్రము చెడినపుడును, పాతబడిన సిస్టంను మార్చవలసినపుడును దీనిని మరల ఎక్కింతురు. పెక్కు కార్యాలయములలో వాడుకలోనున్న విండోస్ 10కు సామాన్య సేవ 2025 అక్టోబరు 14తో ముగిసినది. కావున ఇట్టి మార్పు అనేక కార్యాలయములకు తప్పనిదైనది. ఆ సమయమున యంత్రము తన పూర్వపు నెట్‌వర్కు వివరములను మరచిపోవును. వానిని మరల ఎట్లు తెలిసికొనును? తెలిసికొనలేనిచో మనమేమి చేయవలయును? ఈ రెండు ప్రశ్నలకు సమాధానమే యీ పాఠము. సభ్యులందరును యంత్రజ్ఞులు కానక్కరలేదు. కాని మరమ్మతునకు వచ్చినవాడు చెప్పిన మాటను తూచి చూచుటకు వలసినంత జ్ఞానము ప్రతి సభ్యునకును ఉండుట మేలు.

నాలుగు సంఖ్యలు

నెట్‌వర్కులో చేరు ప్రతి కంప్యూటరునకు నాలుగు సంగతులు తెలిసియుండవలయును.

మొదటిది తన చిరునామా. దీనిని ఐ.పి. అడ్రసు అందురు. ఇది 192.168.1.25 అనునట్లు నాలుగు భాగములుగా వ్రాయబడును. ఒక్కొక్క భాగము 0 మొదలు 255 వరకు ఉండవచ్చును. ఒకే వీధిలో రెండిండ్లకు ఒకే నంబరున్నచో ఉత్తరము ఎవరికి చేరునో తెలియదు. అట్లే ఒకే నెట్‌వర్కులో రెండు యంత్రములకు ఒకే చిరునామా ఉండరాదు.

రెండవది సరిహద్దు. దీనిని నెట్‌మాస్కు అందురు. అది 255.255.255.0 అయినచో, చిరునామాలోని మొదటి మూడు భాగములు తనతో సమానముగా నున్న యంత్రములు తన ఊరివనియు, తక్కినవి పొరుగూరివనియు కంప్యూటరు గ్రహించును.

మూడవది ఊరి వాకిలి. దీనిని గేట్‌వే అందురు. పొరుగూరికి పోవలసిన ప్రతి సందేశమును కంప్యూటరు ఈ వాకిలికి అప్పగించును. సామాన్యముగా కార్యాలయమందలి రౌటరే యీ వాకిలి.

నాల్గవది పేరు చెప్పినచో చిరునామా తెలుపు యంత్రము. దీనిని డి.ఎన్.ఎస్. సర్వరు అందురు. మనము వెబ్‌సైటును పేరుతో పిలుతుము. యంత్రములు సంఖ్యలతో పిలుచుకొనును. ఈ యిద్దరి నడుమ దుబాసి ఇదియే.

ఈ నాలుగింటిలో ఏది లోపించినదో, కనబడు లక్షణమును బట్టి ఊహింపవచ్చును. చిరునామాయే లేనిచో ఏ పనియు సాగదు. కార్యాలయమందలి ప్రింటరు పనిచేయుచు, వెలుపలి వెబ్‌సైటు ఒక్కటియు తెరవబడనిచో వాకిలి సంఖ్యను అనుమానింపవలయును. వెలుపలి యంత్రమును సంఖ్యతో పిలిచిన పలుకుచు, పేరుతో పిలిచిన పలుకనిచో దోషము డి.ఎన్.ఎస్.లో నున్నది.

ఇచట సభ్యులకొక సందేహము కలుగవచ్చును. పొరుగు పంచాయతీ కంప్యూటరుకును 192.168.1.25 అను చిరునామాయే ఉన్నదే, ఇది తప్పు కాదా? తప్పు కాదు. ఈ విధమైన చిరునామాలు మొత్తము సుమారు 429 కోట్లు మాత్రమే. ప్రపంచమందలి యంత్రములన్నింటికి ఇవి చాలవు. కావున 10తో మొదలగునవి, 172.16 మొదలు 172.31 వరకు గలవి, 192.168తో మొదలగునవి ఏ సంస్థయైనను తన ఆవరణలో స్వేచ్ఛగా వాడుకొనవచ్చునని 1996లో ఏర్పాటు చేసిరి. ప్రతి గ్రామమునను ఒకటవ నంబరు ఇల్లు ఉన్నట్లే ఇదియును.

సంతలో స్థలము పంచు పద్ధతి

ఈ నాలుగు సంఖ్యలను మనుష్యుడే ప్రతి యంత్రములోను చేతితో వ్రాయవచ్చును. కాని ఒక అంకె తప్పినను పని చెడును. అందుచే యంత్రములే తమలో తాము అడిగి తెలిసికొను పద్ధతి నొకదానిని కల్పించిరి. దాని పేరు డైనమిక్ హోస్ట్ కాన్ఫిగరేషన్ ప్రోటోకాల్, క్లుప్తముగా డి.హెచ్.సి.పి. అందురు. పంచాయతీ సంతను ఎరిగినవారికి ఇది సులభముగా బోధపడును.

క్రొత్త వర్తకుడొకడు సరకుతో సంతకు వచ్చినాడనుకొందము. స్థలములను పంచు గుమాస్తా ఎవరో వానికి తెలియదు. కావున సంతయంతయు వినబడునట్లు "స్థలములిచ్చువారెవరయ్యా?" అని కేకవేయును. ఇది మొదటి మాట. గుమాస్తా విని "25వ స్థలము ఖాళీగా నున్నది, ఇయ్యగలను" అనును. ఇది రెండవ మాట. వర్తకుడు మరల అందరు వినునట్లు "ఈ గుమాస్తా చూపిన 25వ స్థలము నాకు కావలెను" అనును. ఇది మూడవ మాట. మరియొక గుమాస్తా కూడ స్థలము చూపియున్నచో, ఈ మాట విని తన స్థలమును మరొకరికై ఉంచుకొనును. అంతట మొదటి గుమాస్తా పుస్తకములో వ్రాసికొని "ఇచ్చితిని, ఇంతకాలము నీది" అని ఖాయపరచును. ఇది నాల్గవ మాట.

కంప్యూటరును ఇట్లే చేయును. చిరునామా లేని యంత్రము నెట్‌వర్కులోని వారందరికిని వినబడునట్లు అడుగును. చిరునామాలను పంచు యంత్రము, అనగా డి.హెచ్.సి.పి. సర్వరు, సమాధానమిచ్చును. చిన్న కార్యాలయములలో రౌటరే యీ పనిని గూడ చేయును. చిరునామాతోపాటు సరిహద్దును, వాకిలిని, డి.ఎన్.ఎస్.ను కూడ అదియే తెలుపును. సామాన్యముగా ఈ సంభాషణ యంతయు కొలది క్షణములలో ముగియును.

చిరునామాయే లేని యంత్రమును గుమాస్తా ఎట్లు గుర్తించును? మోటారు వాహనమునకు ఛాసిస్ నంబరు ఉన్నట్లు, ప్రతి నెట్‌వర్కు కార్డునకును కర్మాగారములో నొక సంఖ్యను ఇత్తురు. అంకెలును ఇంగ్లీషు అక్షరములును కలిసి 12 స్థానములుగా నుండు ఈ సంఖ్యను మాక్ అడ్రసు అందురు. దీనిని బట్టియే సర్వరు తన పట్టికలో నమోదు చేసికొనును.

కౌలు గడువు

ఈ విధముగా లభించిన చిరునామా శాశ్వతము కాదు. అది కౌలుకు తీసికొనిన భూమి వంటిది; దానికి గడువు కలదు. గడువు 24 గంటలైనచో, సగము కాలము అనగా 12 గంటలు గడువగనే కంప్యూటరు తనకిచ్చిన సర్వరునే పొడిగింపు కోరును. సమాధానము రానిచో వేచియుండి, 21 గంటలు గడచిన పిమ్మట ఏ సర్వరైనను సరేయని అందరిని అడుగును. అప్పటికిని ఎవరును పలుకనిచో, 24 గంటలు నిండగనే ఆ చిరునామాను విడిచిపెట్టవలయును.

ఈ నియమము వలన రెండు మేళ్లు కలవు. కార్యాలయమునకు ఒక్క దినము వచ్చిపోయిన యంత్రము యొక్క చిరునామా వ్యర్థముగా నిలిచిపోదు. రౌటరులోని వివరములు మార్చినచో, గడువులు తీరుకొలదిని యంత్రములన్నియు క్రొత్త వివరములను తామే గ్రహించును.

మొదట ఇట్టి సౌకర్యము లేదు. డిస్కు లేని కంప్యూటర్లు ఆరంభమున తమ చిరునామాను అడుగుటకు 1984లో నొక పద్ధతి వచ్చినది. 1985లో బిల్ క్రాఫ్ట్, జాన్ గిల్మోర్ అనువారు బూట్‌పి అను మెరుగైన పద్ధతిని ప్రకటించిరి. అందును ప్రతి యంత్రము పేరును ముందుగా పట్టికలో చేతితో వ్రాసియుంచవలసి వచ్చెడిది. గడువుతో చిరునామా నిచ్చు డి.హెచ్.సి.పి. ప్రమాణము 1993లో వెలువడినది. అమెరికాలో బక్‌నెల్ విశ్వవిద్యాలయమునకు చెందిన రాల్ఫ్ డ్రోమ్స్ దానిని రచించెను. 1997లో సవరింపబడిన రూపమే నేటికిని ఆధారముగా నున్నది.

సిస్టంను ఎక్కించునపుడు జరుగునది

ఇపుడు అసలు సందర్భమునకు వత్తము. ఉదాహరణముగా డెబియన్ అను సిస్టంను తీసికొందము. 1993లో ఇయన్ మర్డాక్ ప్రారంభించిన ఈ సిస్టం మూల్యము లేకుండ లభించును. కేంద్ర ప్రభుత్వ సంస్థయగు సి-డాక్ 2007లో వెలువరించిన బాస్, అనగా భారత్ ఆపరేటింగ్ సిస్టం సొల్యూషన్స్, దీని ఆధారముననే నిర్మింపబడినది.

డెబియన్‌ను ఎక్కించు కార్యక్రమము మొదట భాషను, దేశమును, కీబోర్డును అడుగును. పిమ్మట యంత్రమందలి నెట్‌వర్కు కార్డులను వెదకును. కేబులుది ఒకటి, వైఫైది ఒకటి ఉన్నచో దేనిని వాడవలయునని ప్రశ్నించును. వీలైనచో కేబులునే ఎన్నుకొనుట మంచిది. వైఫై అయినచో దాని పేరును, పాస్‌వర్డును ఇయ్యవలయును. కొన్ని వైఫై కార్డులు ఫర్మ్‌వేర్ అను చిన్న కార్యక్రమము లేనిదే పలుకవు. 2023 జూనులో వెలువడిన డెబియన్ 12 మొదలుకొని అట్టి ఫర్మ్‌వేర్ ఎక్కించు ప్రతిలోనే చేర్పబడుచున్నది. అంతకు పూర్వపు ప్రతులలో దీనిని వేరుగా సమకూర్చుకొనవలసి వచ్చెడిది.

కార్డు దొరికిన పిమ్మట కార్యక్రమము మనలను అడుగకయే నాలుగు సంఖ్యలను సంపాదించుటకు పూనుకొనును. క్రొత్త తరమునకు చెందిన ఐ.పి.వి.6 చిరునామాలు ఉన్న నెట్‌వర్కులలో రౌటరు చేయు ప్రకటనను విని, యంత్రము తన చిరునామాను తానే కూర్చుకొనును. అది లేనిచో పైన చెప్పిన డి.హెచ్.సి.పి. పద్ధతి నవలంబించును. సఫలమైనచో ఏ ప్రశ్నయు లేకుండ ముందునకు సాగి, కంప్యూటరుకు పేరు పెట్టుమని అడుగును. పంచాయతీ పేరును, యంత్రపు వరుస సంఖ్యను కలిపి పెట్టుట ఉచితము. విండోస్ ఎక్కించునపుడును తెరపైని ప్రశ్నలు వేరైనను, చిరునామా లభించు విధము ఇదియే.

ఈ దశలో నెట్‌వర్కు ఎందుకు కావలయును? చిన్న ప్రతితో ఎక్కించునపుడు సిస్టంలోని అధిక భాగమును ఇంటర్నెట్ నుండియే తెచ్చుకొనవలసియుండును. భద్రతకు సంబంధించిన తాజా సవరణలు కూడ అచటినుండియే వచ్చును. గడియారము తప్పుగానున్నచో సురక్షిత వెబ్‌సైట్లు తెరవబడవు. సరియైన కాలమును గూడ నెట్‌వర్కు ద్వారానే తెలిసికొనును.

విఫలమైనపుడు

ఎవరును సమాధానము చెప్పనిచో, నెట్‌వర్కు ఏర్పాటు విఫలమైనదని తెరపై కనబడును. దీనిని చూచి యంత్రము చెడినదని భయపడనక్కరలేదు. డెబియన్ అపుడు నాలుగు మార్గములను చూపును: మరల ప్రయత్నించుట, సర్వరు కోరిన పేరు నొకదానిని చెప్పి ప్రయత్నించుట, నాలుగు సంఖ్యలను చేతితో వ్రాయుట, ప్రస్తుతము నెట్‌వర్కు లేకుండ సాగుట.

మొదట కేబులు రెండు కొనలును సరిగా బిగిసియున్నవో, వాని యొద్ద చిన్న దీపము వెలుగుచున్నదో, రౌటరునకు కరెంటు ఉన్నదో చూడవలయును. పెక్కు లోపములు ఇచటనే దొరకును. పిమ్మట "మరల ప్రయత్నించు" అను మార్గమునే ఎన్నుకొనవలయును. పెద్ద కార్యాలయములలో వాడు కొన్ని స్విచ్‌లు కేబులు తగిలించిన పిమ్మట సుమారు 30 సెకన్ల వరకు సందేశములను పోనీయవు. యంత్రము అడిగిన మాట అంతలో వృథాయగును. రెండవసారి అడిగినచో ఫలించును.

అప్పటికిని కానిచో చేతితో వ్రాయు మార్గము కలదు. దీనికి పంచాయతీ యొద్ద ఆ నాలుగు సంఖ్యలు వ్రాసియుండవలయును. ఒక్క జాగ్రత్త అవసరము. రౌటరు తానుగా పంచు చిరునామాల వరుసకు వెలుపలి సంఖ్యనే ఎన్నుకొనవలయును. రౌటరు 100 మొదలు 200 వరకు పంచుచున్నదనుకొందము. మనము 120ని చేతితో వ్రాసినచో, కొన్ని దినముల పిదప రౌటరు అదే సంఖ్యను మరొక యంత్రమునకు ఇచ్చుటకు అవకాశము కలదు. అపుడు రెండు యంత్రములును తడబడును. కారణము మాత్రము వెంటనే ఎవరికిని తోచదు.

సంఖ్యలును లేనిచో నెట్‌వర్కు లేకుండ సాగవచ్చును. పూర్తి ప్రతితో సిస్టంను ఎక్కించి, నెట్‌వర్కును తరువాత ఏర్పరుపవచ్చును. "నెట్ రాలేదు కనుక పని యంతయు నిలిచినది" అను మాట ఎల్లప్పుడును నిజము కాదని సభ్యులు గ్రహింపవలయును.

మరియొక గుర్తు కలదు. విండోస్ యంత్రములో చిరునామా 169.254తో మొదలైనచో, దానికి ఏ సర్వరును పలుకలేదని అర్థము. ఎవరును స్థలము చూపనందున వర్తకుడు సంత అంచున తానే యొకచోట కూర్చున్నట్లు, యంత్రము ఆ సంఖ్యను తాత్కాలికముగా తీసికొనినది. దానితో వెలుపలికి పోవుట సాధ్యము కాదు.

పంచువారు ఇద్దరైనచో

ఈ పద్ధతిలో నొక బలహీనత కలదు. స్థలము చూపినవాడు పంచాయతీ గుమాస్తాయో, కాడో వర్తకుడు పరీక్షింపడు. ముందు పలికినవానిని నమ్మును. కంప్యూటరును సామాన్యముగా అంతియే.

ఎవరో సదుద్దేశముతోనే ఇంటినుండి మరియొక రౌటరును తెచ్చి కార్యాలయపు స్విచ్‌కు తగిలించినారనుకొందము. అదియును చిరునామాలను పంచ మొదలిడును. కొన్ని యంత్రములు దానిమాట విని తప్పు వాకిలిని పట్టుకొనును. ఉదయము పనిచేసిన కంప్యూటరు మధ్యాహ్నము పనిచేయకపోవును. ప్రక్క బల్లపైని యంత్రము మాత్రము చక్కగా నడచును. ఇట్టి వింత లక్షణములు కనబడినపుడు, క్రొత్తగా ఏ పరికరము తగిలింపబడినదని మొదట విచారింపవలయును.

దురుద్దేశము గలవాడు ఈ పనినే చేసినచో హాని మిక్కిలి అధికము. వాడు తప్పుడు డి.ఎన్.ఎస్.ను చెప్పి, మనము పిలిచిన పేరుకు మరియొక యంత్రమును చూపగలడు. అపుడు మనలను రక్షించునది బ్రౌజరు చేయు హెచ్చరిక. వెబ్‌సైటు ధ్రువపత్రము సరిగా లేదని తెరపై కనబడినచో, దానిని త్రోసివేసి పాస్‌వర్డు ఇయ్యరాదు. పంచాయతీ నిధుల చెల్లింపులు కంప్యూటరు ద్వారా జరుగు ఈ దినములలో ఇది ప్రజల సొమ్మునకు సంబంధించిన విషయము.

పంచాయతీ చేయవలసిన పనులు

ప్రతి గ్రామ పంచాయతీకి ఇంటర్నెట్ వసతి కల్పించు ఉద్దేశముతో కేంద్ర మంత్రివర్గము 2011 అక్టోబరు 25న నొక పథకమును ఆమోదించినది. దానికే తరువాత భారత్‌నెట్ అను పేరు వచ్చినది. సుమారు 2.5 లక్షల పంచాయతీలు దాని లక్ష్యము. తీగ గ్రామము వరకు వచ్చుట యొక యెత్తు. వచ్చిన తీగను కార్యాలయములో నిలుపుకొనుట మరియొక యెత్తు. ఆ రెండవ పని పంచాయతీదే. అందులకు వ్యయము స్వల్పము; శ్రద్ధ ముఖ్యము.

1. రిజిస్టరులో ఒక పుటను నెట్‌వర్కు వివరములకు కేటాయింపవలయును. నాలుగు సంఖ్యలు, రౌటరు పంచు చిరునామాల వరుస, కనెక్షన్ ఇచ్చిన సంస్థ పేరు, ఫిర్యాదు చేయవలసిన నంబరు అందులో వ్రాయవలయును. నెట్ పనిచేయుచున్నపుడే వీనిని వ్రాసికొనుట తెలివి.

2. రౌటరు పాస్‌వర్డు పంచాయతీ సొత్తు. అది మరమ్మతు చేయువాని జ్ఞాపకములో మాత్రమే ఉండుట తగదు. దానిని కవరులో ముద్రవేసి కార్యదర్శి అధీనమున భద్రపరుపవలయును. ఉద్యోగి మారినపుడు పాస్‌వర్డును మార్చవలయును.

3. ప్రింటరు వంటి స్థిరమైన పరికరములకు ఎల్లప్పుడును ఒకే చిరునామా కావలయును. మాక్ అడ్రసును బట్టి అదే సంఖ్యను ఇచ్చునట్లు రౌటరులోనే ఏర్పాటు చేయించుట, పరికరములో చేతితో వ్రాయుటకంటె మేలు. అపుడు వివరములన్నియు ఒకేచోట నుండును.

4. కార్యదర్శి అనుమతి లేనిదే క్రొత్త రౌటరును గాని, స్విచ్‌ను గాని తగిలింపరాదని తీర్మానింపవలయును.

5. సిస్టంను మరల ఎక్కించుటకు ముందు కంప్యూటరులోని దస్త్రములను వేరొక డిస్కులోనికి తీసికొనవలయును. చెల్లింపులకు వాడు డిజిటల్ సంతకపు టోకెను క్రొత్త సిస్టంలో పనిచేయునో లేదో ముందుగానే విచారింపవలయును.

6. పని పూర్తియైన పిమ్మట, సాంకేతికుడు వెడలక మునుపే కంప్యూటరును ఆపి మరల నడిపింపవలయును. ప్రింటరును, వెలుపలి వెబ్‌సైటును, డిజిటల్ సంతకమును మూడింటిని పరీక్షించిన పిదపనే బిల్లుపై సంతకము చేయవలయును.

జనన ధ్రువపత్రమునకై వచ్చిన తల్లికి "నెట్ లేదు, రేపు రమ్ము" అని చెప్పవలసివచ్చుట సులభముగా కలుగు అసౌకర్యము. ఆమెకు అది ఒక దినపు కూలి. యంత్రము తన చిరునామాను తానే తెలిసికొను పద్ధతి ఈ శ్రమను చాలవరకు తగ్గించినది. అది తప్పిన దినమున పనిని నిలుపునది రిజిస్టరులోని ఆ యొక్క పుటయే.

చర్చనీయాంశములు

1. మన కార్యాలయములో చిరునామాలను పంచు యంత్రము ఏది? అది ఎవరి అధీనమున నున్నది?

2. దాని పాస్‌వర్డు పంచాయతీ యొద్ద కలదా?

3. ప్రింటరు పనిచేయుచు, వెలుపలి వెబ్‌సైట్లు తెరవబడనిచో నాలుగు సంఖ్యలలో దేనిని మొదట పరీక్షింపవలయును?

4. రేపు కంప్యూటరు చెడి, సిస్టంను మరల ఎక్కింపవలసి వచ్చినచో, మన యొద్ద వ్రాతమూలకముగా నున్న వివరములు ఏవి? లేనివి ఏవి?